కంటికి ఆనని మచ్చ

వేరుశనగ సేద్యం చేసే మా నాయనకు మలంలో రక్తం పడుతుంటే, అనంతపురంలో ఒక డాక్టరు పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూశాడు.

"గడ్డలేమీ లేవప్పా, మొలలే," అన్నాడు.

రక్తం ఆగలేదు. అమ్మ మళ్ళీ పొమ్మంటే నాయన, "డాక్టరే చూసినాడు గదా, ఇంకేం చూపించేది?" అని కసిరేవాడు.

రెండేళ్లకు బెంగళూరు తీసుకెళితే, పెద్దపేగు క్యాన్సరు కాలేయానికి పాకిందన్నారు.

"కొన్ని క్యాన్సర్లు గడ్డలా పైకి లేవవు. పేగు గోడ మీద మచ్చలా చదునుగా ఉంటాయి, చూసినా కంటికి ఆనవు. ఇది అనంతపురంలో చూసిన నాటికే ఉండి ఉంటుంది," అన్నాడు అక్కడి డాక్టరు.

"అయితే ఆ పొద్దే లోపల ఉన్నిందా?" అన్నాడు నాయన.

నెల తిరక్కముందే పోయాడు. నేను వెళ్లి చెబితే, అనంతపురం డాక్టరు "అట్లాంటివి తప్పిపోతుంటాయిలే," అని ఇంకో రోగిని పిలిచాడు.