పెడన రోడ్డు మీద నేను చూసిన నిప్పు

పదహారేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. చూడ్డానికి చిన్నదే. నా భార్యకు కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలనేమో అనుకుని కాగితం ముందు కూర్చున్నాను. ఇప్పటికి మూడుసార్లు లేచాను. ఒకసారి మంచినీళ్లకి, రెండుసార్లు ఊరికే.

గుడివాడలో మెకానిక్‌ని నేను. సొంత షెడ్డు ఉంది. ఇంజన్ ఎంత మొండిగా మిస్సింగ్ కొట్టినా చెవితో పట్టేస్తాడని నాకు పేరు. ఆ పేరు అసలు నాది కాదు, బందరులో రత్నం బాబాయ్‌ది. ఆయన నాకు చుట్టం కాదు, పని నేర్పిన మనిషి. ఆయన దగ్గర్నుంచి నేను దాన్ని లాక్కున్నాను.

చెక్క పిడి ఉన్న పొడవాటి స్క్రూడ్రైవర్ కొసని నడుస్తున్న ఇంజన్‌కి ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకునేవారు బాబాయ్. రోగమేమిటో వినబడేదాకా ఒక్క నట్టు విప్పనిచ్చేవారు కాదు. బాగున్న సామాను తీసేసి కొత్తది వేసి చూడటం ఆయన లెక్కలో దొంగతనం. అయితే అప్పటికే ఆయన కళ్లకు శుక్లాలు మొదలయ్యాయి, దగ్గరివి ఆనేవి కావు. అందుకని పని పంచుకున్నాం. వినడం ఆయనది, చూడటం నాది. నేను చూశానంటే ఆయన మళ్లీ చూసేవారు కాదు. తొమ్మిదేళ్లు అలాగే గడిచాయి.

పెడన నుంచి విజయవాడకి కలంకారీ బట్టలు వేసుకెళ్లే శేఖర్ గారికి ఓ పాత పెట్రోల్ వ్యాన్ ఉండేది. అది ట్యూనింగ్‌కి వచ్చింది. ప్లగ్గులకి కరెంటు పంచే నల్లటి మూత ఒకటుంటుంది, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ అంటాం. దాన్ని తుడుస్తుంటే చేతిలోంచి జారి సిమెంటు గచ్చు మీద పడింది. తీసి చూస్తే వెంట్రుకంత పగులు. బాబాయ్ బయట ఎవరితోనో మాట్లాడుతున్నారు. ఆ మూత బందర్లో దొరకదు, బండేమో సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. ఇంత సన్న పగులు ఏం చేస్తుందిలే అనుకుని బిగించేశాను. అక్కడిదాకా అది పొరపాటే. అక్కడే నోరు విప్పి ఉంటే ఇదంతా రాసే అవసరం వచ్చేది కాదు.

వారం తిరక్కుండా శేఖర్ గారు వచ్చారు. తెల్లవారుజామున బయల్దేరితే బండి మిస్సింగ్ కొడుతోందట, కుదిపి కుదిపి ఆగిపోతోందట. పదింటికి మా షెడ్డుకి వచ్చేసరికి మాత్రం బుద్ధిగా నడిచేది. ఎందుకో నాకు తెలుసు. మంచుకి ఆ పగులులో చెమ్మ చేరి కరెంటు దారి తప్పుతుంది, ఎండెక్కితే చెమ్మ ఆరిపోతుంది. తెలిసి కూడా ప్లగ్గులు విప్పమంటే విప్పాను, కార్బురేటర్ కడగమంటే కడిగాను. మూడు వారాలు. రోగం చెవిన పడక, బాబాయ్ తన పద్ధతి తనే తప్పి ఒక్కొక్కటీ విప్పిస్తుంటే, స్పానర్లు అందిస్తూ పక్కనే నిలబడ్డాను.

ఎందుకు చెప్పలేదు? మొదట భయం. ఆయన తిడతారని కాదు, ఇంకెప్పుడూ నా చూపుని నమ్మరని. ఆ తర్వాతో? ఇక్కడికి వచ్చేసరికి మళ్లీ లేచాను. ఆ తర్వాత, నాకు బాగుంది. తొమ్మిదేళ్లు రత్నం గారి మనిషిగానే బతికాను, నా పేరేమిటో అడిగినవాళ్లు తక్కువ. అలాంటిది ఆయన ఒక పాత వ్యాన్ ముందు చేతకాక నిలబడితే చూడటం నాకు నిజంగా బాగుంది. అంత కుళ్లు నాలో ఎప్పట్నుంచి ఉంది? అప్పుడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతుంటే వచ్చే జవాబు నాకు నచ్చడం లేదు.

రోగం షెడ్డుకి రాకపోతే మనమే దాని దగ్గరికి పోదామన్నారు బాబాయ్. ఒక తెల్లవారుజామున ఆ వ్యాన్‌లో ఇద్దరం పెడన రోడ్డెక్కాం. మంచు దట్టంగా ఉంది. ఊరు దాటగానే బండి కుదపడం మొదలెట్టింది. పక్కకి ఆపి, ఇంజన్ నడుస్తుండగానే దాని మీదున్న ముందు సీటు ఎత్తాం. ఆయన స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నారు. చాలాసేపటికి ఆయన మొహం విచ్చుకుంది.

"మూడో ప్లగ్గుకి కరెంటు అందట్లేదురా. టిక్కుటిక్కుమంటోంది. మూత దగ్గరే ఎక్కడో కారిపోతోంది. చూడు, ఏమన్నా కనపడుతోందా?"

వంగి చూశాను. ఆ మసక వెలుతురులో, పగులు వెంబడి, సన్నగా నీలం నిప్పు పాకుతోంది.

"లేదు బాబాయ్."

"సరిగ్గా చూడరా. నాకు వినపడుతుంటేను."

"చూశాను బాబాయ్. మూత శుభ్రంగా ఉంది. మీకలా అనిపిస్తోందేమో."

ఆయన స్క్రూడ్రైవర్ దించారు. "అంతేనంటావా," అన్నారు.

నా మీద ఆయనకి అనుమానం రాలేదు. తన చెవి మీద వచ్చింది. దారిలో రెండుసార్లు చూపుడువేలితో చెవి రుద్దుకున్నారు.

ఆ ఆదివారం ఆయన చర్చికి వెళ్లిన సమయంలో, విజయవాడ నుంచి తెప్పించిన కొత్త మూత బిగించాను. పాతది కాలవలో పారేశాను. సోమవారం శేఖర్ గారు అందరి ముందూ నా భుజం తట్టారు. రోగం ఎలా దొరికిందని బాబాయ్ అడిగితే, టైమింగ్ కాస్త తప్పింది, వింటే తెలిసిపోయిందన్నాను. వింటే అన్న మాట ఎందుకు వాడాను? ఇంకేదైనా చెప్పొచ్చు కదా. కళ్లతో చూశానన్నా సరిపోయేది. ఆయనకి మిగిలిన ఒక్కదాన్నీ వెతికి మరీ తీసుకున్నాను.

ఆ తర్వాత ఏ బండి వచ్చినా "నీకేం వినపడుతోందిరా" అని నన్నే అడిగేవారు. ఏడాది తిరిగేలోపు షెడ్డు మూసేసి, అవనిగడ్డలో కూతురు దగ్గరికి వెళ్లిపోయారు. నేను గుడివాడలో షెడ్డు పెడితే, ఆయన్ని నమ్ముకున్న బళ్లన్నీ నన్ను వెతుక్కుంటూ వచ్చాయి.

ఏటా క్రిస్మస్ ముందు కేకు పట్టుకుని వెళ్లి ఆయన్ని చూసొస్తాను. ఆ వెళ్లడం ప్రేమో, కాపలా కాయడమో నాకే తెలియదు. మొన్న వెళ్లినప్పుడు ఆయన కూతురు మేరీ అక్క ఒక సంగతి చెప్పింది. తనకి చెముడొచ్చిందని ఆయనే అంటుండటంతో ఇంట్లో అందరికీ గట్టిగా మాట్లాడటం అలవాటైంది. ఈమధ్య డాక్టరుకి చూపిస్తే, వయసుకి చెవులు చాలా బాగున్నాయన్నాడట.

"నాన్న నమ్మట్లేదు తమ్ముడూ. నా చెవి ఆ పెడన బండి దగ్గరే పోయింది, డాక్టరుకేం తెలుసు అంటాడు."

బాబాయ్ మాకు ఆరడుగుల దూరంలో కుర్చీలో కూర్చుని ఉన్నారు. అక్క గొంతు తగ్గించి చెప్పినా ఆ మాటలన్నీ ఆయనకి వినబడ్డాయి. మొహంలోనే తెలిసింది. నేను కాఫీ తాగి, బస్సుకి టైమైందని లేచాను.

అవనిగడ్డ ఎంత దూరమని? రేపే వెళ్లొచ్చు. వెళ్తానని మీకు మాటివ్వలేను, ఇచ్చి తప్పిన మాటలు చాలానే ఉన్నాయి. వెళ్లినా క్షమించమని అడగను. ఆయన్నుంచి తీసుకున్నది చాలు. చెప్పాల్సింది మాత్రం ఇక్కడ రాసి పెడుతున్నాను.

మూత పగిలింది బాబాయ్. పగలగొట్టింది నేను. ఆ రోజు పొద్దున మీరు విన్నది నిజం, మూడోదానికే కరెంటు అందలేదు. మీ చెవికేం కాలేదు. నిప్పు నాకు కనపడింది.