బరఫ్ నబీ దాచిన మంచు

మహారాష్ట్ర అంచున ఉన్న సిరొంచలో గులాం నబీ ఇల్లెక్కడని అడిగితే మనుషులు కాసేపు ఆలోచిస్తారు. బరఫ్ నబీ ఇల్లని అడిగి చూడండి, బడికి పోయే పిల్లలు కూడా సందు చివరిదాకా వచ్చి చూపిస్తారు. బరఫ్ అంటే ఐసు. ఆయన పనిచేసిన ఐసు ఫ్యాక్టరీ మూతపడి ఏళ్ళు గడిచాయి. ఆ స్థలంలో ఇప్పుడు సిమెంటు బస్తాలు అమ్ముతున్నారు. పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు, ఆయనా దాన్ని వదిలించుకోవాలనుకోలేదు.

ఆ ఫ్యాక్టరీలో ఆయన చేయని పని లేదు. డబ్బాల్లో నీళ్ళు నింపాడు, ఉప్పునీళ్ళ తొట్టికి కాపలా కాశాడు, గోదావరి మీద చేపలు పట్టేవాళ్ళకు దిమ్మలు పగలగొట్టి ఇచ్చాడు. పెళ్ళిళ్ళ కాలం వస్తే దిమ్మలను ఊకలో పొర్లించి, గోనెసంచుల్లో చుట్టి, బస్సు టాపు మీద అల్లపల్లి దాకా మోసుకుపోయేవాడు. ఎక్కించింది దిమ్మ, దించింది ముక్క. దారి పొడవునా కిటికీల్లోకి నీళ్ళు కారుతుంటే లోపల కూర్చున్నవాళ్ళు తిట్టేవాళ్ళు. దిగాక పెళ్ళివారు, ఐసు తెచ్చినవా, షర్బత్‌లోకి నీళ్ళు తెచ్చినవా అని ఆటపట్టించేవాళ్ళు. పైకి నవ్వేవాడే గాని లోపల చిన్నబోయేవాడు. మంచు కరగడం ఆయనకు ఏనాడూ మామూలు సంగతి కాలేదు. కూతురు ఫాయిజాకు చిన్నతనంలో జ్వరం వస్తే ఒక్క ఐసుముక్కను ఊకలో పొద్దంతా దాచి, గుడ్డలో పెట్టి నుదుటికి అద్దిన మనిషి ఆయన. ఆ ముక్క సాయంత్రం దాకా నిలిచిందని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాడు.

అలాంటి మనిషికి అరవై దాటాక దొరికిన కొలువు ఏమిటో చూడండి. ఊరి చివర మహిళా సంఘం వాళ్ళు పండ్లు ఎండబెట్టే యంత్రం ఒకటి పెట్టారు. ఎండలో కాదు, చలిలో ఎండబెడతారు. దాన్ని ఫ్రీజ్ డ్రయర్ అంటారు. దాని బాధ్యత చూసే సుజాత తాతముత్తాతలు ఇక్కడే ఒకరి పొలాల్లో కూలి చేసినవాళ్ళు. ఆ పిల్ల నాగపూర్‌లో ఆహారం నిలవచేసే చదువు చదివి తిరిగొచ్చింది. చలియంత్రాల చప్పుడు తెలిసిన మనిషి ఊళ్ళో ఎవరున్నారని వాకబు చేస్తే అందరూ ఒక్క పేరే చెప్పారు.

యంత్రంతోపాటు వచ్చిన పుస్తకం ఇంగ్లీషులో ఉంది. నేర్పడానికి వచ్చినాయన మరాఠీలో చెప్పిపోయాడు. సంఘం ఆడవాళ్ళు ఆ రెండింటినీ పక్కనపెట్టి తమ పేర్లు తాము పెట్టుకున్నారు. ఛాంబర్ అంటే పెట్టె. షెల్ఫులు అరలు. వ్యాక్యూమ్ పంపు గాలిగుంజే మోటరు. కండెన్సర్ దగ్గర నబీ కొంచెం గొడవ పడ్డాడు. ఐసు ఫ్యాక్టరీలో ఆ పేరుగలది బయట ఎండలో సెగలు కక్కేది, ఇక్కడేమో అన్నిటికంటే చల్లటి గొట్టం అది. చివరికి చలిగొట్టం అని తనే రాజీ కుదిర్చాడు.

సబ్లిమేషన్ అనే మాటకు మాత్రం ఎవరికీ పేరు తోచలేదు. పండు గుజ్జును గడ్డకట్టిస్తారు, పెట్టెలోంచి గాలి తోడేస్తారు, అరలకు కొద్దిగా వెచ్చదనం ఇస్తారు. అప్పుడు గుజ్జులోని మంచు నీళ్ళు కాకుండానే ఆవిరైపోతుందని సుజాత చెప్పింది.

"మంచు నీళ్ళు గాకుంట యాడికి పోతది బిడ్డా? నా ఉమ్మర్ల గసొంటిది సూడలె," అన్నాడు నబీ.

సుజాత విసుక్కోలేదు. ఇంట్లో ట్రంకుపెట్టెలో డాంబర్ గోళీలు వేస్తారు కదా, ఏడాది తిరిగేసరికి ఏమవుతాయని అడిగింది. అరిగిపోయి మాయమవుతాయన్నాడు. మరి బట్టలు తడుస్తాయా అని అడిగింది. ఆ రోజు నబీ ఇంటికి పోయి ట్రంకుపెట్టె తెరిచి, భార్య హఫీజా పెళ్ళిచీరల మధ్య చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉన్నాయి. ఏం పోగొట్టుకున్నవని హఫీజా అడిగితే, ఇన్నేళ్ళ అల్లపల్లి ప్రయాణాలు అని చెప్పి ఆమెను మరింత కంగారు పెట్టాడు.

ఫాయిజా ఇప్పుడు భామ్రాగడ్‌లో నర్సు. వానలు పడితే అక్కడి నదులు పొంగి దారి తెగిపోతుంది. కిందటి వానాకాలం ఆ పిల్ల అన్నం, పప్పుతో రోజులు వెళ్ళదీసింది. ఫోను కలిసినప్పుడల్లా అమ్మీ సొరకాయ, చింతపులుసు వేసి చేసే దాల్చా వాసన కలలోకి వస్తుందనేది. నవ్వుతూనే అనేది గాని, ఆ నవ్వు విన్నాక హఫీజా ఆ పూట దాల్చా వండలేకపోయేది. అందుకే ఈసారి దారి తెగకముందే దాల్చాను ఎండించి పంపాలని నబీ మనసులో గట్టిగా పెట్టుకున్నాడు. సుజాత ఒక ట్రే ఇస్తానంది. నూనె ఉంటే నిలవ ఉండదు కాబట్టి నూనె లేకుండా వండాలని షరతు పెట్టింది. నూనె లేని దాల్చా వండమన్న మొగుణ్ణి హఫీజా ఎలా చూసిందో నేను చెప్పను, పెళ్ళయినవాళ్ళు ఊహించుకోగలరు. అయినా వండింది.

నబీ మేనల్లుడు తౌఫీక్ బండి మీద భామ్రాగడ్‌కు రేషను సరుకులు వేస్తాడు. శుక్రవారం పోయేదే ఈ సీజనుకు ఆఖరి ట్రిప్పు కావచ్చని ముందే చెప్పాడు. ఆ వారం మొదట్లో సంఘంలోని చిన్నక్కా, ఆమె తోటివాళ్ళూ అడవి నుంచి తెచ్చిన నేరేడు గుజ్జు ఒక విడత ఎండింది. రెండో విడతతోనే దాల్చా ట్రే పెట్టాలి. అంతలో సుజాతకు గడ్చిరోలిలో మీటింగు పడింది. పోతూ పోతూ, పెట్టె నింపే ముందు చలిగొట్టం మీద మంచును గోరువెచ్చని నీళ్ళతో కరిగించి పారబోయాలని మళ్ళీ చెప్పింది. ఇంతకుముందు ఆ పని ప్రతిసారీ తనే చేసేది. పుస్తకంలో దాని పేరు డీఫ్రాస్ట్. నబీ మాత్రం దానికి ఖూనీ అని పేరు పెట్టాడు.

నీళ్ళ బకెట్టు పట్టుకుని మూత తీశాడు. లోపల చలిగొట్టం చుట్టూ మంచు తెల్లగా, జొన్నపిండిలా మందంగా పేరుకుని ఉంది. ఇంత సొగసైన మంచును ఆయన జన్మలో చూడలేదు. చెయ్యి లేవలేదు. ఐసు ఫ్యాక్టరీలో నిన్నటి తొట్టి చలి ఇవాళ్టి దిమ్మలకు ఆసరా. దాన్ని వేడెక్కనివ్వడం కంటే పెద్ద తప్పు లేదు. పాలు తోడుపెట్టడానికి కాస్త పెరుగు మిగుల్చుకోమా? ఇది కూడా అంతే అనుకున్నాడు. పైగా దాల్చా తన బిడ్డకు, చలి ఇంకాస్త ఎక్కువుంటే మంచిదే. మూత వేసి, బకెట్టు పక్కన పెట్టి, ట్రేలు అరల మీద సర్ది యంత్రం నడిపించాడు.

మర్నాడు పొద్దున సుజాత వచ్చి తలుపు అద్దంలోంచి చూసి ఆగిపోయింది. గుజ్జు కరిగి, నురగ కక్కి, అరలకు బంకలా అంటుకుని ఉంది. హఫీజా దాల్చా పొంగి పై అర అడుగుకు పట్టుకుంది. గాలిగుంజే మోటరు నూనె మజ్జిగలా తెల్లబడింది. చిన్నక్క తొంగిచూసి, తాము చెట్టుచెట్టూ తిరిగి ఏరిన పండ్లు ఇలా అయిపోయాయని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సుజాత చలిగొట్టం మూత తీసింది. పాత మంచు మీద కొత్త మంచు ఎక్కి, పండ్లలోంచి వచ్చిన ఆవిరి పట్టుకోవడానికి చోటే లేక మోటరులోకి పోయింది. ఆమె ఏమీ అడగకముందే నబీ, కరిగించలేదని చెప్పాడు.

సుజాత మెల్లగా, "ఇది మనం చేసిన మంచు కాదు చాచా. పండ్లలకెల్లి పోవాల్సిన నీళ్ళు గివి. బియ్యం దంచినంక ఊకను మళ్ళ ఎసట్ల ఏస్తమా?" అంది.

"ఊకనే నాకు అన్నం పెట్టింది బిడ్డా," అన్నాడు నబీ. చిన్నక్కకు ఆ దుఃఖంలోనూ నవ్వొచ్చింది. నేరేడు కాలం ఇంకా అయిపోలేదని, మళ్ళీ ఏరుకొస్తామని ఆమే అంది. కాని శుక్రవారం మళ్ళీ రాదు. ఆకాశం అప్పటికే అల్లపల్లి వైపు నల్లబడుతోంది. నబీకి భయం వేసింది. తను దాచుకున్న మంచే తన బిడ్డ పళ్ళెం ముందు అడ్డంగా కూర్చుంది.

ఆయన ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. బకెట్టు ఎత్తి గోరువెచ్చని నీళ్ళు తనే పోశాడు. మంచు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి అడుగున పడింది. కరిగిన నీళ్ళు తేటగా ఉన్నాయి. అందులోంచి నేరేడు వాసన, దాని వెనకనే చింతపులుసు వాసన తేలింది. ఎన్నో దిమ్మలు కరుగుతుంటే నిస్సహాయంగా చూసిన కళ్ళు, తన చేత్తో కరిగించిన ఈ మంచు దగ్గర తడిశాయి. తుడుచుకుని గొట్టాన్ని పొడిగుడ్డతో తుడిచాడు. సుజాత మోటరు నూనె మార్చింది. హఫీజా సంగతి విని ఒక్క మాట కూడా అనకుండా మళ్ళీ పొయ్యి వెలిగించింది. ఆమె మాట అననప్పుడే నబీకి ఎక్కువ భయం.

శుక్రవారం తౌఫీక్ బండి బయలుదేరే వేళకు పెట్టె తెరిచారు. దాల్చా ట్రేలో పెళుసుగా, తేలిగ్గా, సొరకాయ ముక్కలు ముక్కల్లాగే ఉండేలా ఎండింది. నబీ వెండికాగితం సంచుల్లోకి దాన్ని ఎత్తుతూ, బరువు తెలియక రెండుసార్లు లోపలికి చూసుకున్నాడు. తౌఫీక్ వాటిని సీటు వెనక పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వానలు పట్టుకున్నాయి. నదులు పొంగాయి, భామ్రాగడ్ దారి తెగింది, ఫోన్లు మూగపోయాయి. నబీ రోజూ పనికి పోయేవాడు. ప్రతి విడత కాగానే ఎవరూ చెప్పకుండానే బకెట్టు తీసుకునేవాడు.

వానలు తెరిపిచ్చిన ఒక మధ్యాహ్నం ఫాయిజా ఫోను కలిసింది. వేడినీళ్ళు పోసి కలిపామని, తోటి నర్సులందరూ చుట్టూ కూర్చుని తిన్నారని, నూనె లేకపోయినా అది అమ్మీ చెయ్యేనని చెప్పింది. హఫీజా ఫోనును చెవికి నొక్కిపెట్టుకుని ఏడ్చింది, తర్వాత నబీకిచ్చింది.

"దారిల కరగలేదు గదా, బేటీ?" అన్నాడు నబీ.

"కరగనీకి దాంట్ల మంచు యాడుంది అబ్బా?" అని ఫాయిజా నవ్వింది. "పంపిందంత పంపినట్టే చేరింది."

నబీ ఫోను హఫీజా చేతికిచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన పంపింది పంపినట్టు చేరడం అదే మొదటిసారి.