వేళ్లకు కాసిన వేరుశనగ

మొన్న మా వీధి చివరి హైస్కూలు వాళ్లు, రిటైరైన పెద్దాయన కదా, నాలుగు మంచి మాటలు చెప్పిపొమ్మని పిలిస్తే వెళ్లాను. నల్లబల్ల ఉండాల్సిన చోట గోడంత తెర వెలుగుతోంది. చిన్న వయసు టీచరమ్మ దాని మీద వేలితో ఏదో బొమ్మ గీసి, తప్పు పడిందని అరచేత్తో తుడిస్తే అది మాయమైపోయింది. పిల్లలెవరూ ఆశ్చర్యపోలేదు, నేను మాత్రం కుర్చీలో కాస్త ముడుచుకున్నాను. ఎందుకో నా ఈడు వాళ్లకు చెబితే అర్థమవుతుంది.

అనంతపురం జిల్లాలో కంప్యూటరు పెట్టి పాఠం చెప్పిన మొట్టమొదటి ఛాత్రోపాధ్యాయుణ్ణి నేనే. జిల్లా అన్నది కొంచెం ఎక్కువైంది లెండి, మా బి.ఎడ్. కాలేజీలో, అదీ మా బ్యాచిలో. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. బత్తలపల్లి అవతల ఒక ఏకోపాధ్యాయ పాఠశాలలో పదిహేనేళ్లు అక్షరాలు దిద్దించి, హైస్కూలుకు ప్రమోషన్ కావాలంటే బి.ఎడ్. ఉండాలన్నారని నలభై దాటాక సెలవు పెట్టి, మీసం సరిగా రాని పిల్లల పక్కన బెంచీలో కూర్చున్నవాణ్ణి. సెలవు ఒక్క ఏడాదికే ఇచ్చారు. పరీక్ష తప్పితే మళ్లీ ఆ ఒంటిగది బడే గతి. నాయనేమో వాన లేని చేనిగట్టు మీద కూర్చుని, మావాడు పెద్దబడి అయివారు కాబోతున్నాడని దారిన పోయే ప్రతివాడికీ చెప్పేశాడు.

మొదటిరోజు పరిచయాల్లో, కుర్రవాళ్ల ముందు తగ్గడం ఇష్టం లేక, బెంగళూరులో మా బావమరిది దగ్గర ఉండి కంప్యూటరు నేర్చుకున్నానని ఒక మాట వదిలాను. నిజానికి అప్పటికి నేను చూసిన కంప్యూటరు గుత్తి రైల్వే స్టేషన్లో టికెట్ల గుమస్తా ముందున్నది, అదీ వెనకవైపు నుంచి. మా లెక్చరరు ఆ మాట మనసులో పెట్టుకుని, చివరి పరీక్ష పాఠాలు పంచే రోజున, బయటినుంచి పరీక్షాధికారి వస్తున్నాడు, కాలేజీ పరువు నిలబెట్టాల్సింది నువ్వేనని కంప్యూటరు పాఠానికి నా పేరు రాసేశాడు. రాదంటే అబద్ధాలకోరునవుతాను, వచ్చని ఊరుకుంటే పరీక్ష పోతుంది.

నా గుట్టు కనిపెట్టింది మా బ్యాచిలోని కణేకల్ అమ్మాయి. కాలేజీకి ఫస్టు వస్తుందని అందరూ అనుకునే పిల్ల.

"అన్నా, నీకు మౌసు పట్టుకునేది కూడా రాదు కదా" అంది ఒకరోజు, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి.

వచ్చమ్మా, కొంచెం మర్చిపోయినానంతే అన్నాను.

"సరేలే, మర్చిపోయిందే గుర్తు చేస్తా, రా" అంది నవ్వకుండా.

ట్రైనింగులో భాగంగా మేము పాఠాలు చెప్పే బడిలో ఉన్నది ఒకే ఒక్క కంప్యూటరు. దానికొక గుడ్డ ముసుగు, నుదుట కుంకుమ బొట్టు. చెప్పులు గది బయటే విప్పాలి. దుమ్ము పడుతుందని కిటికీలు మూసేసి మేకులు కొట్టారు. ఉడికిపోయే ఆ గదిలో మూడు వారాల పాటు ప్రతి మధ్యాహ్నం ఆమె చెప్పింది చెప్పినట్టు, ముందు ఎక్కడ నొక్కాలో తర్వాత ఎక్కడ నొక్కాలో నోటుబుక్కులో రాసుకుని మంత్రంలా బట్టీ పట్టాను. పాఠం వేరుశనగ మొక్క. బొమ్మ నేనే గీస్తానని పంతం పట్టాను కానీ, మౌసుతో తిన్నని గీత వస్తే వంకర గీత రాదు. పువ్వు దగ్గర పుట్టి వంగి భూమిలోకి దిగే ఊడలు గీయలేక, విసుగొచ్చి కాయల్ని తీసుకెళ్లి వేళ్లకే తగిలించేశాను. తప్పు అన్నా, నేను సరిచేస్తానని ఆమె అంటే, కంప్యూటరు బొమ్మను ఎవరూ అంత పట్టి చూడరులేమ్మా అని వద్దన్నాను. వేరుశనగ తప్ప మరో పంట ఎరగని రైతుకు పుట్టినవాణ్ణి, అన్నాను ఆ మాట.

పరీక్ష రోజు తొమ్మిదో తరగతి పిల్లలు నేల మీద ఇరుక్కుని కూర్చున్నారు. గోడ పక్కన మా బ్యాచి వాళ్లు, ఉన్న ఒక్క తలుపుకు అడ్డంగా కుర్చీ వేసుకుని పరీక్షాధికారి. బట్టీ పట్టినట్టే నొక్కాను, బొమ్మ వచ్చింది. ముందు వరసలోని ఆడపిల్ల లేచి నిలబడింది.

"సార్, చెనిక్కాయలు ఏర్లకు కాయవు సార్. పువ్వు కాడ్నించి ఊడ దిగి భూమిలోకి పోతాది."

"సారు ఎప్పుడన్నా చేన్లోకి పోయినాడో లేదో" అని వెనకనుంచి ఇంకెవరో గొణిగారు.

ఇది బెంగళూరు రకమమ్మా అన్నాను.

"మాస్టారూ, బెంగళూరు రకమైనా ఊడలే దింపుతాది. సరిచేసి చూపించండి" అన్నాడు పరీక్షాధికారి.

సరిచేయడం నా నోటుబుక్కులో లేదు. పదిహేనేళ్ల అలవాటు చేతిని లాక్కుపోయిందేమో, బల్ల మీది డస్టరు తీసుకుని కంప్యూటరు అద్దాన్ని అడ్డంగా రెండుసార్లు తుడిచాను. సుద్దపొడి వెనక బొమ్మ అట్లాగే ఉంది. గదంతా నవ్వింది.

ఈ కథ చెప్పినప్పుడల్లా, పరీక్షాధికారి కూడా పకపకా నవ్వి నా భుజం తట్టాడని ఇక్కడితో ముగిస్తూ వచ్చాను. తట్టలేదు. పెన్ను మూత తీసి, ఈ బొమ్మ ఎవరు గీసినారని అడిగాడు. మళ్లీ ఇవ్వని సెలవు, చేనిగట్టు మీద నాయన, ఆ తలుపుకు అడ్డంగా కుర్చీ. నా వేలు దానంతట అదే లేచి గోడ పక్కన కూర్చున్న ఆ అమ్మాయిని చూపించింది. ఆమె నన్ను ఒక్క క్షణం చూసి లేచి నిలబడింది.

"నేనే సార్" అంది.

నా తర్వాతి పాఠం ఆమెదే. ఆయన ఆమెను అడుగడుగునా నిలబెట్టి అడిగాడు. నేను గట్టెక్కాను. ఆమె కూడా పాసయింది కానీ, ఫస్టు మాత్రం ఇంకెవరికో పోయింది. పోనీలే అన్నా, నీకు మళ్లీ సెలవు ఇయ్యరు కదా అని మాత్రం అంది, మార్కులు తెలిసిన రోజున.

హైస్కూలు ప్రమోషన్ వచ్చింది, నాయన ఊరంతా చెప్పుకున్నాడు. ఆ అమ్మాయితో మాట్లాడాలంటే రోజంతా బస్సుల్లో కణేకల్ దాకా పోవాలి, అంత తీరిక యాడుందిలే అని ఏళ్ల తరబడి నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు ఆ సాకూ పోయింది. ఫోన్లో మా బ్యాచి గ్రూపు ఉంది, అందులో ఆమె ఉంది. బొమ్మ గీసింది నేనేనని అందరి ముందూ ఒక్క వాక్యం రాయడానికి నిమిషం చాలు. రోజూ పొద్దున్నే ఆమె శుభోదయం పెడుతుంది. రోజూ నేనూ శుభోదయమే పెడతాను.