వెనక్కి తిప్పే ముందు

మా పాలిటెక్నిక్‌ల రోబో పోటీలకు టీమ్ కట్టినప్పుడు గేర్‌బాక్స్ పని నా వంతుకు వచ్చింది. మోటర్ సర్రున తిరిగే తిరుగుడును నెమ్మది చేసి చక్రాలకు బలం ఇచ్చే డబ్బా అది. రిమోట్ నా దోస్తు చేతిల ఉండేది. వాళ్లకు సిద్దిపేటలనే బట్టల దుకాణం. ఇంట్ల ఉర్దూ, మాతోని తెలుగు. ఆమె నడుపుతుంటే చూడనీకె పక్క బ్రాంచీలోళ్లు గూడ వచ్చేటోళ్లు. ముందుకు ఉరికే రోబోను అదే ఊపుల వెనక్కి గుంజేది. అందరు చప్పట్లు కొట్టేటోళ్లు. నాకు మాత్రం లోపల టక్కుమన్న చప్పుడే వినిపించేది.

గేర్ పళ్లు విరిగినయి. గ్రీజు సరిపోలేదనుకున్న. కొత్త గేర్ వేస్తే మళ్ల విరిగింది. మోటర్ వంకరగ కూసుందేమోనని అన్ని విప్పి బిగించిన. అయినా విరిగింది.

"నీ బిగించుడే సక్కగ లేదు," అన్నది ఆమె, అందరి ముందట.

"నీ చెయ్యే సక్కగ లేదు," అన్న నేను. ఆ తర్వాత మాట్లాడుకోలే.

మా సార్ నన్ను పిలిచి, "ప్రోగ్రామ్‌ల ఒక లైన్ పెట్టు. ఆమె ఎంత గుంజినా మోటర్ మెల్లగనే మళ్లుతది. ఆమెకు చెప్పుడు గూడ అక్కర లేదు," అన్నరు.

చిన్న పనే. కానీ కంప్యూటర్ ముందట కూసున్నంక నాకు మనసు రాలే. ఆమెకు తెల్వకుండనే ఆమె చెయ్యి ఆపినట్టు అనిపించింది. లేచిపోయి, విరిగిన గేర్‌బాక్స్‌ను ఆమె ముందట పెట్టిన.

"నువ్వే విప్పు," అన్న.

చిరాకుగనే విప్పింది. గ్రీజుల ఇరికిన ముక్కలను వేలితోని ఏరింది.

"చక్రం ఇంకా ముందుకు ఉరుకుతుంటది. నువ్వు మోటర్‌ను వెనక్కి తిప్పుతవు. నడుమ నలిగేది ఈ పళ్లే," అన్న.

ఆమె విరిగిన పన్ను ఒకటి అరచేతిల పెట్టుకుంది. "అరే, గింత చిన్నగుంటయా? రిమోట్‌ల నాకేం తెలుస్తది? మీట నూకితే పోతది, గంతే."

ఆ రోజు నుంచి వెనక్కి తిప్పే ముందు రోబోను పూర్తిగ ఆపుడు నేర్చుకుంది. నడుపుడు నెమ్మదైంది. చప్పట్లు బందైనయి. అది ఆమెకు కష్టంగనే ఉండె. ఆట అయిపోయినప్పుడల్ల ఇద్దరం కలిసి డబ్బా విప్పి చూసేటోళ్లం.

హైదరాబాద్ పోటీల సెమీఫైనల్ దాక పోయినం. ఆఖరుకు అవతలి రోబో మా వెనక జాగలకు వస్తుంటే ఆమె ఆగి, అప్పుడు తిప్పింది. ఆ ఆగిన సందులనే వాళ్లు దూరి, మా రోబోను గీత అవతలికి నూకిన్రు. ఓడిపోయినం.

"ఒక్కసారి గుంజితే ఏమైతుండె?" అన్నడు మా టీమ్ పిలగాడు.

ఆమె స్క్రూడ్రైవర్ అందుకుంది. డబ్బా విప్పితే పళ్లన్ని మంచిగున్నయి. ఆ ఒక్కసారికి విరుగుతుండెనో లేదో నాకు ఇప్పటికీ తెల్వదు. విరగకుండ ఉన్నదానికి ఏ గుర్తూ మిగలదు.

వాపసు వస్తుంటే ప్రజ్ఞాపూర్‌ల చాయ్‌కి దిగినం.

"వచ్చే ఏడు పళ్లు మందమున్న గేర్ పెడుదామా?" అన్నది.

"బరువైతది."

"మరి ఇంకేడనన్న బరువు తగ్గిద్దాం."

బస్సు హారన్ కొట్టేదాంక మాది అదే ముచ్చట.