పెద్దమ్మ కొడుకు

ఏ.ఎస్. రావు నగర్‌లో అద్దెకి ఇల్లు అడిగినప్పుడు, నేను ప్రేమించినవాణ్ణి మా పెద్దమ్మ కొడుకని చెప్పాను. బావ అంటే ఇల్లివ్వరు. పెద్దమ్మ కొడుకంటే సొంత అన్న కిందే లెక్క, ఎవరూ మారు మాట్లాడరు. ఎంత తెలివైన అబద్ధం ఆడానో అని ఆ రోజు నాకు బోలెడు గర్వం. గుమ్మం దాటితే చాలు, రెండేళ్ళపాటు తనని అన్నయ్యా అనే పిలిచాను.

పెళ్ళి చేసుకోవచ్చుగా అంటారు. బాప్తిస్మం తీసుకుంటేనే అల్లుడన్నాడు మా నాన్న. బొట్టు పెట్టుకుంటేనే కోడలంది శ్రీకాకుళంలో వాళ్ళమ్మ. రిజిస్టర్ పెళ్ళికైతే నెలరోజులు ఆఫీసు గోడమీద పేర్లు వేలాడతాయి. ఎవరైనా చూసి అడ్డుపడతారని భయం.

ఊళ్ళో అందరికీ సాఫ్ట్‌వేర్ కలిసొస్తున్న రోజుల్లో తనకి ఆస్ట్రేలియాలో ఉద్యోగం దొరికింది. పెళ్ళి కాకపోయినా, భార్యాభర్తల్లా కాపురం చేస్తున్నామని రుజువు చూపిస్తే నన్నూ తీసుకెళ్ళొచ్చట. వాళ్ళు దాన్ని డి ఫాక్టో అంటారు. ఎగిరి గంతేశాం. తీరా కాగితాలు ముందేసుకుని కూర్చుంటే ముచ్చెమటలు పోశాయి. అద్దె ఒప్పందంలో మమ్మల్ని అన్నాచెల్లెళ్ళని రాశారు. ఎవరి ఉత్తరాలు వాళ్ళ ఆఫీసుకే వచ్చేవి. స్నేహితుల్ని ఒక్కనాడూ ఇంటికి పిలవలేదు. ఇద్దరం కలిసున్న ఫొటో ఒక్కటే ఉంది. పండగపూట అన్న చెయ్యి బోసిగా ఉండకూడదని ఇంటావిడే రాఖీ కొనుక్కొచ్చి, దగ్గరుండి నాచేత కట్టించి తీయించిన ఫొటో అది. మన గొయ్యి మనమే తవ్వుకోవడమంటే ఇదే.

ఒకే ఇంట్లో కాపురం చేస్తున్నారని చూసినవాళ్ళెవరైనా నోటరీ ముందు సంతకం పెట్టాలి, లేకపోతే దరఖాస్తు దండగ అన్నాడు వీసా ఏజెంటు. కింది వాటాలో ఉండే ఇంటావిడ తప్ప మాకెవరున్నారు?

వెళ్ళాను. ఆవిడ చింతపండు గింజలు తీస్తోంది. ఉన్నదంతా చెప్పేశాను. అరవలేదు.

"నా చేతుల్తోని రాఖీ తెచ్చిస్తి గదనే," అంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఒళ్ళో పడ్డ గింజలు దులుపుకుని ఆవిడే మళ్ళీ అంది. "రాస్కరా, సంతకం పెడ్త. ఉన్నమాటే గద. గని నెలాఖరుకు ఇల్లు ఖాళీ చెయ్యుండ్రి."

అన్నమాట ప్రకారం ఆటోలో నాతో వచ్చి సంతకం పెట్టింది.

సంగతి పొక్కాక ఆ కాలనీలో ఇంకెవరూ ఇల్లివ్వలేదు. వేరేచోట మళ్ళీ అబద్ధం ఆడదామంటే ఆ ఒప్పందం కాగితమూ వీసా ఫైల్లోకే వెళ్ళాలి. తను బోయిన్‌పల్లిలో స్నేహితుల గదికి వెళ్ళాడు, నేను రైల్వే స్టేషన్ దగ్గర లేడీస్ హాస్టల్లో చేరాను. కలిసుంటున్నారని సాక్షి సంతకం పెడితే విడిపోయిన జంట మేమొక్కళ్ళమే అయ్యుంటాం. ఒళ్ళు మండిపోయేది.

మూడు నెలలకి ఒక పొద్దున్న, ఏడున్నరప్పుడు, బాత్రూం ముందు వరసలో బకెట్టు పట్టుకుని నిలబడి ఉండగా సెల్ మోగింది. వీసా ఆఫీసు నుంచి. ఆస్ట్రేలియాలో అప్పటికే మధ్యాహ్నమట. ఆడగొంతు, ఎంతో మర్యాదగా మాట్లాడింది. వంట ఎవరు చేస్తారు, తను మంచానికి ఏ పక్కన పడుకుంటాడు, ఇద్దరికీ దేనిమీద గొడవలొస్తాయి, అన్నీ అడిగింది. అన్నిటికీ నిజమే చెప్పాను. ఇప్పటికీ ఒకే ఇంట్లో ఉంటున్నారా అంది. లేదంటే ఫైలు మూసేస్తారని భయమేసింది. ఉంటున్నాం అన్నాను.

"మంచిది. ఒక్కసారి ఫోన్ ఆయనకివ్వండి," అంది.