మా మరిది పడవ నడిపిన తీరు

తెల్లారగానే పెరటి బావి దగ్గర మావారి లుంగీ ఉతకడం నా మొదటి పని. రోజంతా పడవ ఇంజన్ పక్కన కూర్చునే మనిషి. డీజిల్ మరక ఒక పట్టాన వదిలేది కాదు. సబ్బు రాసి, కాసేపు ఎండలో పెట్టి, మళ్లీ రుద్దేదాన్ని. ఇప్పుడు ఆ బకెట్లో మా మరిది సత్యదుర్గారావు లుంగీ ఉంటోంది. మావారు పోయాక పడవ ఎక్కింది అతనే. అడక్కుండా తన బట్టలు నా బకెట్లో పడేసి వెళ్తాడు. ఉతుకుతూ వచ్చాను.

అతని గురించి మంచి చెప్పమంటే ఒకటుంది. ఎవరింట్లో పెళ్లైనా, చావైనా ముందు నిలబడతాడు. కుర్చీలు వేయిస్తాడు, పంతులుగారితో తనే మాట్లాడతాడు. పని సగమయ్యేసరికి కనపడడు. కువైట్ వెళ్లి సగంలో వచ్చేశాడు. రొయ్యల చెరువు సగంలో వదిలేశాడు. తప్పు ఎప్పుడూ ఇంకొకరిదే. అక్కడ సేటుది, ఇక్కడ చెరువు నీటిది.

మావారి పెద్దకర్మ నాడూ అంతే. పోయినవారి బట్టలు మూటగట్టి నడి గోదావరిలో వదలడం మా ఇంటి ఆచారం. ఆ మూట నా చేత్తో కట్టాను. లోపలికంటా వెళ్లి వదలమని పంతులుగారు మరీ మరీ చెప్పారు. మూట పట్టుకెళ్లిన మనిషి నేను అన్నం వార్చేలోపే తిరిగొచ్చి విస్తరి ముందు కూర్చున్నాడు.

మర్నాటి నుంచి పడవ నడక పడిపోయింది. రాజోలు దగ్గర మా రేవులో జనాన్ని అవతలి ఒడ్డుకు దాటించే పడవ అది. నాకూ, నా కూతురు కీర్తికీ కూడు పెట్టేది అదొక్కటే. ఇంజన్ మూలుగుతోంది, నల్లటి పొగ కక్కుతోంది, పడవ మాత్రం ముందుకు పోదు. మెకానిక్ ఫిల్టర్ మార్చాడు, ఆయిల్ మార్చాడు. ఏమీ తేడా లేదు.

"అన్నయ్య కిరసనాయిలు కలిపి కలిపి ఇంజన్ని ముందే చంపేసేడండి. నా నెత్తిన పెట్టి పోయేడు" అని మా మరిది రేవంతా చెప్పుకొచ్చాడు. అది విని నా ఒళ్లు మండిపోయింది. డీజిల్ గుడ్డలో వడకట్టకుండా ఒక్కనాడూ పోయని మనిషి మావారు.

ఆఖరికి జొన్నాడ నుంచి పడవలు కొనే మాణిక్యాలరావు గారిని వెంటబెట్టుకొచ్చాడు. పడవ మావారి పేరు మీద ఉంది కాబట్టి నా సంతకం కావాలి. అందుకని మా అరుగు మీద కూర్చున్నారు.

"ఇవాళిచ్చేస్తే పడవ ధరకి పోద్ది వదినా. రేపైతే పాత ఇనుమే."

భర్త పోయాక మూడో నెల వచ్చేదాకా వీధి గడప దాటకూడదని మాకు కట్టుబాటు. తలుపు వెనక నుంచే అడిగాను. "ఇంజన్ పోయిందని ఎవరన్నారు?"

"నేనంటున్నానండి. వంటింట్లో కూర్చుని మీరేం చూసేరు?"

"చూళ్లేదు. విన్నాను."

మా ఇల్లు గట్టు కిందే. గేరు వెయ్యకుండా తిప్పితే ఇంజన్ శుభ్రంగా మోగుతోంది. గేరు పడగానే మూలుగు. ఒకప్పుడు నీళ్లలో తిరిగే పంకాకు వల ముక్క చుట్టుకుంటే సరిగ్గా ఇలాగే మూలిగింది. 'జబ్బు పైన కాదే, కింద' అన్నారు మావారు అప్పుడు.

"పోటు తీసి నీళ్లు తగ్గేక పంకా చూసేవా?" అన్నాను.

"మోకాల్లోతు బురదండీ అక్కడ!"

"మాణిక్యాలరావు గారూ, మీరు కింద చూడకుండానే కొంటారాండీ?"

ఆయన నవ్వారు. "ఆయ్, చూడాలండి. చెల్లెమ్మ చెప్పింది సబబే."

నేను గడప దాటాను.

"వదినా! నలుగురూ ఏవనుకుంటారు?"

"అనుకోనీ."

నీళ్లు వెనక్కి తీయడంతో పడవ బురదలో ఒరిగి ఉంది. గట్టు మీద అయ్యప్ప వల బాగుచేసుకుంటున్నాడు. మావారి దగ్గర ఏళ్ల తరబడి పనిచేసినవాడు, మా మరిది రాగానే మానిపించేశాడు. నేను అడగ్గానే కత్తి పట్టుకుని బురదలోకి దిగి, పంకా కింద చెయ్యి పెట్టాడు.

"వల కాదమ్మగారూ. గుడ్డ."

కోసి, లాగి, పైకెత్తాడు. నీలం గళ్ల లుంగీ. అంచున తెల్లదారంతో నేను కుట్టిన కుట్టు అలాగే ఉంది. పెద్దకర్మ నాడు మూటలో నేనే పెట్టిన లుంగీ అది.

"ప్రవాహం తెచ్చి పడేసుంటదండి. గోదారి కదా" అన్నాడు మా మరిది.

"గోదారేం చేసిందండి బాబూ?" అన్నాడు అయ్యప్ప. "కట్టేసిన పడవ మీంచే మూట ఇసిరేసేరు కదా. ఆ పూట పడవ విప్పడానికి తాడు పట్టుకుంది నేనేనండి. మర్నాడు పనిలోకి రావద్దన్నారు."

పోటు ఎక్కాక పడవ తీశారు. మునుపటిలాగే నీళ్లు చీల్చుకుంటూ పోయింది. మాణిక్యాలరావు గారు చెప్పులు వెతుక్కుంటూ, "ఇది అమ్మే పడవ కాదు చెల్లెమ్మా" అన్నారు.

"రేపట్నుంచి అయ్యప్ప నడుపుతాడు. ఇంజన్ తిప్పే హ్యాండిల్ అతనికియ్యి" అన్నాను మా మరిదితో.

"మరి నేనో?"

"నీ సగం అయిపోయిందబ్బాయ్."

ఈ పొద్దున బావి దగ్గర మావారి లుంగీ ఉతికాను. పంకా రెక్కలు కోసిన చోట దారాలు వేలాడుతున్నాయి. ఆరాక మడత పెట్టి, నడి గోదావరి దాకా నేనే తీసుకెళ్లి వదులుతాను. బకెట్లో మా మరిది లుంగీ, మొన్న పడేసింది పడేసినట్టే ఉంది. సబ్బు ఇంకా మిగిలే ఉంది. సబ్బు తీసి గూట్లో పెట్టి, లోపలికి వచ్చేశాను.