చవితి నాడు కోయని గడ్డి

మా వీధిలో ఏ ఇంటి ముందు గడ్డి పచ్చగా కనపడినా అది చెంచురామయ్య చలవే. చిట్టమూరు వైపు పల్లె ఆయనది. ఒకప్పుడు వరి మళ్లలో కూలికి వెళ్లేవాడు. వెంకటాచలం దగ్గర హైవే పక్కన మా ఇళ్లు లేచాక, మడిని చూసుకున్నట్టే మా పచ్చికలను చూసుకుంటూ ఇక్కడే ఉండిపోయాడు.

ఎండాకాలం పొద్దు పొడవకముందే నీళ్లు పెడతాడు. ఎండెక్కాక పెడితే వేళ్లు ఉడికిపోతాయంటాడు. ఆశ్వయుజంలో, పెద్ద వానలకు ముందు, ఇనుప ఊచతో నేలంతా పొడుస్తాడు, నీరు పైన నిలవకుండా లోపలికి దిగాలని. కార్తీకంలో తెరిపి దొరికినప్పుడల్లా పైపైన కోస్తాడే గానీ మొదలంటా కోయడు. మార్గశిరంలో మాగిన పేడ ఎరువు, ఇసుక, ఎర్రమట్టి కలిపి పలచగా చల్లుతాడు. కోతకు అడ్డమొచ్చిన కప్పనైనా దోసిట్లో ఎత్తి చెట్టు కింద వదిలివస్తాడు. అంత నెమ్మదస్తుడి మీద ఒకే రోజు రెండుసార్లు చెయ్యి పడింది. ఆ రోజు నాగుల చవితి.

నరేంద్రబాబు గారి కూతురు ప్రత్యూషకు మర్నాడు సాయంత్రం నిశ్చితార్థం. ఇంటి ముందు పచ్చికలోనే కుర్చీలు వేయించాలని ఆయన పట్టుదల. వదలని ముసురుకు గడ్డి మోకాలిదాకా పెరిగిపోయింది. చవితి ముందురోజు కాస్త తెరిపిస్తే, చెంచురామయ్య భుజానికి తగిలించుకునే పెట్రోలు మిషన్‌తో కోత మొదలుపెట్టాడు. తడిగడ్డి చుట్టుకుని బ్లేడు ఆగిపోతుంటే, దెబ్బ తగలకుండా బ్లేడుకు అడ్డంగా ఉండే రేకును ఊడదీసి ఆ గడ్డంతా లాగేశాడు. ఇంతలో మళ్లీ వాన పట్టుకుంది. రేకు బిగించకుండానే మిషన్‌ను వాళ్ల షెడ్డులో పెట్టి ఇంటికి వెళ్లాడు.

చవితి నాడు చెంచురామయ్య ఇంట్లోవాళ్లు నేల తవ్వరు, కత్తి పట్టరు, కూర కూడా తరగరు. నాగన్న ఏ గడ్డిలో పడుకుని ఉంటాడో, ఏ కలుగులో ఉంటాడో అని భయమూ, భక్తీ. మిషన్ కూడా కోసే ఇనుమే కదా, రేకు బిగించడానికైనా చెంచురామయ్య దాన్ని ముట్టుకోలేదు. పొద్దున్నే పుట్టలో పాలు పోసి, నువ్వులూ బెల్లమూ దంచిన చిమ్మిలి ఉండలు ఆకులో చుట్టుకుని వనజాక్షమ్మకు ఇద్దామని వచ్చాడు. వనజాక్షమ్మ నరేంద్రబాబు గారి భార్య, ఇంట్లోవాళ్లు తాగే గ్లాసులోనే ఆయనకూ టీ పోసిచ్చే మనిషి.

అప్పటికి ఎండ కాస్తోంది. గడ్డి కోయమన్నారు నరేంద్రబాబు గారు.

“ఇయ్యాల కత్తి పట్టనయ్యా. రేపు తెల్లారేసరికి కోసి పెడతాను.”

“రేపు మళ్లా వానొస్తే? నీ పాములొచ్చి కోస్తాయా?”

చెంచురామయ్య తల వంచుకుని నిలబడ్డాడు. షెడ్డు వైపు అడుగు వేయకపోయేసరికి నరేంద్రబాబు గారికి ఒళ్లు మండింది. చెంప మీద లాగి కొట్టారు. పొట్లం జారి చిమ్మిలి ఉండలు మెట్ల మీద దొర్లాయి. వనజాక్షమ్మ వంగి ఒక్కో ఉండా ఏరి, కళ్లకద్దుకుని కొంగులో వేసుకుంది. చెంచురామయ్య గేటు దాటాడు.

వీధి చివరికి చేరకముందే వెనక మిషన్ మోత వినిపించింది. రేకు లేదన్న సంగతి అప్పుడు తట్టింది ఆయనకు. ఆపమని కేకలు పెడుతూ పరుగెత్తాడు. మిషన్ తానే తగిలించుకుని కోతకు దిగిన నరేంద్రబాబు గారికి ఆ మోతలో కేక వినపడలేదు.

గడ్డిలో మరుగుపడ్డ పూలమడి అంచు ఇటుకకు బ్లేడు తగిలింది. మిషన్ వెనక్కి ఎగిరి నరేంద్రబాబు గారి తొడను చీల్చేసింది. పట్టీ భుజానికి ఉండగానే ఆయన వెల్లకిలా పడ్డారు. చెయ్యి మీట మీద బిగుసుకుపోయింది. బ్లేడు తిరుగుతూనే మట్టినీ, గడ్డినీ, రక్తాన్నీ తెల్లగోడ మీదికి చిమ్ముతోంది. ఆయన పొర్లినప్పుడల్లా అది రెండో కాలి మీదికి వస్తోంది. ప్రత్యూష వరండా స్తంభాన్ని పట్టుకుని కదల్లేక నిలబడిపోయింది.

షెడ్డులో వేలాడుతున్న కొడవలిని చెంచురామయ్య లాక్కున్నాడు. మిషన్ గొట్టాన్ని మోకాలితో నేలకు అదిమి, కొడవలితో పట్టీ తెగ్గోశాడు. బిగుసుకున్న వేళ్లు ఊడబెరికి మిషన్‌ను అవతలికి తన్నాడు. తొడలోంచి రక్తం ఎగజిమ్ముతోంది. తలగుడ్డను ఉండలా చుట్టి గాయంలో కుక్కి, పిడికిలితో అదిమిపట్టాడు. నెల్లూరు ఆసుపత్రి దాకా ఆ పిడికిలి తీయలేదు. బాధకు తాళలేక నరేంద్రబాబు గారు కారులో చెంచురామయ్య రెండో చేతిని రక్తం వచ్చేలా కొరికారు. ఓర్చుకోండయ్యా, వచ్చేసినాం అంటూనే ఉన్నాడట ఆయన.

కబురు విని వనజాక్షమ్మ తమ్ముడు శివశంకర్ నాయుడుపేట నుంచి వచ్చిపడ్డాడు. బ్లేడుకు రేకు ఎందుకు లేదని అడిగితే, తీసింది తానేనని చెంచురామయ్య చెప్పేశాడు. శివశంకర్ ఆయన చొక్కా పట్టి ఆసుపత్రి ఆవరణలోకి ఈడ్చాడు. ముఖం గోడకేసి కొట్టాడు. కిందపడితే బూటుకాలితో డొక్కలో తన్నాడు.

“మా బావకేమన్నా అయిందా, నిన్ను ఈడే పాతేస్తా.”

చెంచురామయ్య చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. కరుణాకుమారి అనే నర్సమ్మ పరుగున వచ్చి ఇద్దరి మధ్యా నిలబడింది. శివశంకర్‌ను వెనక్కి నెట్టి, చెంచురామయ్య పగిలిన నోరు దూదితో తుడిచి, తన సీసాలో నీళ్లు తాగించింది. ఇంటికి వెళ్లమంటే ఆయన వెళ్లలేదు. ఆపరేషన్ గది బయట నేల మీద కూర్చుని, అయ్య ప్రాణం దక్కాలని నాగన్నను వేడుకుంటూ ఉండిపోయాడు.

పొద్దు వాలేవేళకు నరేంద్రబాబు గారు కళ్లు తెరిచారు. ప్రాణం నిలబడింది, కాలూ దక్కింది. తలుపు దగ్గర వాచిపోయిన ముఖం కనపడింది ఆయనకు.

“రామయ్యా, అది నా దెబ్బేనా?”

శివశంకరే చెప్పాడు. “నేనే కొట్టినాను బావా. ఆ రేకు తీసింది వీడే.”

నరేంద్రబాబు గారు బావమరిది వైపు తిరిగారు. “కత్తి పట్టనన్న మనిషి చేత కత్తి పట్టించినాను నేను. ముందు ఆయన్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టు” అన్నారు.

శివశంకర్ కుర్చీ తెచ్చి వేశాడు. వనజాక్షమ్మ కొంగుముడి విప్పి, పొద్దుటి చిమ్మిలిలో ఒక ఉండ భర్త చేతిలో, ఒకటి చెంచురామయ్య చేతిలో పెట్టింది. పెదవి చీలి ఉండటంతో ఆయన దాన్ని నలిపి చిటికెడు చిటికెడుగా తిన్నాడు.

నిశ్చితార్థం వాయిదా పడింది. అయినా మర్నాడు తెల్లవారుతుండగా మిషన్ మోత విని మేము బయటికి వచ్చాం. చెంచురామయ్య అప్పటికే రేకు బిగించి, తెగిన పట్టీని ముడేసుకున్నాడు. రక్తం పడ్డచోట బిందెలతో నీళ్లు పోసి, గడ్డి మళ్లీ పచ్చగా తేలేదాకా కడిగాడు. డొక్క పట్టుకుని ఆగుతూ, మళ్లీ నడుస్తూ, ఆ పచ్చికంతా పైపైన కోసి పెట్టాడు.